నిలబడి విన్న పాట

"బ్యాండు చూడ్డానికి బెంగుళూరు పోయొచ్చినా" అని చెప్పినప్పుడు మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "ఎవురి పెండ్లిరా?"

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. మన కర్నూలు, కడప ప్రాంతాల్లో బ్యాండు అంటే పెండ్లి ఊరేగింపు ముందు నడిచే బ్యాండుమేళమే. కాస్త పట్నం తెలిసినవాళ్ళకయితే వినాయకచవితి పందిట్లోనో, తిరునాళ్ళలోనో సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రా గుర్తుకు వస్తుంది. నలుగురు కుర్రాళ్ళు కూడి, తాము రాసుకున్న పాటలను తామే బాణీ కట్టి, తామే వాయిస్తూ పాడతారనీ, ఆ పాటలు అంతకు ముందు ఏ సినిమాలోనూ వినని జనం డబ్బు పెట్టి మరీ వచ్చి నిలబడి వింటారనీ చెబితే మా అమ్మ నమ్మలేదు. నిజం చెప్పాలంటే, చూసేదాకా నేనూ నమ్మలేదు.

నేను ఈ కళాశాల పాత విద్యార్థిని. ప్రస్తుతం భౌతికశాస్త్రం చెప్పుకుంటూ బతుకుతున్నాను. సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను. సరళీ స్వరాలు కూడా రావు. కాని పదిహేనేళ్ళకు పైగా అవకాశం దొరికినప్పుడల్లా చిన్న చిన్న రాక్ బృందాల కచేరీలకు వెళ్తూ వచ్చాను. ఈ సంచికకు వ్యాసం రాయమని సంఘం కార్యదర్శి అడిగితే, "శబ్ద తరంగాల మీద రాస్తాలే" అన్నాను. ఇది ఒక రకంగా శబ్ద తరంగాల మీద వ్యాసమే. అయితే చివరికి వచ్చేసరికి ఇది ఒక తప్పు ఒప్పుకోలు కూడా అవుతుంది. చదివే మిత్రులు ఓపిక పట్టవలెనని ప్రార్థన.

పేరు సంగతి

ముందుగా 'ఇండీ రాక్' అన్న మాట. వినగానే ఇండియాకు సంబంధించిన దేమో అనిపిస్తుంది. కాదు. ఇండిపెండెంట్ అన్న మాటను కురచ చేస్తే వచ్చిన పేరు అది. స్వతంత్రం అన్నమాట. ఎవరి నుంచి స్వతంత్రం? పెద్ద రికార్డు కంపెనీల నుంచి.

దీని పుట్టుకలో మన బోటి కళాశాల విద్యార్థులకు పనికివచ్చే కథ ఒకటుంది. 1976లో ఇంగ్లండులోని బోల్టన్ అనే ఊళ్ళో హోవర్డ్ డెవోటో, పీట్ షెల్లీ అనే ఇద్దరు విద్యార్థులు చదువుకుంటున్నారు. లండన్‌లో అప్పుడే పేరు తెచ్చుకుంటున్న ఒక బృందాన్ని చూసి వచ్చి, పక్కనున్న మాంచెస్టరులో ఒక చిన్న హాలు బాడుగకు తీసుకుని, 1976 జూన్ 4న ఆ బృందం చేత కచేరీ చేయించారు. వచ్చినవాళ్ళు నలభై మందికి కాస్త అటూ ఇటూ అంటారు. మన లెక్క ప్రకారం అది 'ఫెయిల్' అయిన కార్యక్రమం. కాని ఆ నలభై మందిలో పీటర్ హుక్ అనే కుర్రవాడున్నాడు. అతను మర్నాడే పోయి ఒక బేస్ గిటార్ కొనుక్కున్నాడు. తరువాత జాయ్ డివిజన్ అనే ప్రసిద్ధ బృందంలో సభ్యుడయినాడు. ది స్మిత్స్ బృందాన్ని 1982లో మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకడైన మొరిసీ కూడా ఆ నలభై మందిలోనే ఉన్నాడు. ఇక హాలు బాడుగకు తీసుకున్న ఆ విద్యార్థులిద్దరూ బజ్‌కాక్స్ పేరుతో తమ బృందం పెట్టి, తెలిసినవాళ్ళ దగ్గర 500 పౌన్లు అప్పు చేసి, 1977 జనవరిలో తమ రికార్డు తామే అచ్చు వేసుకున్నారు. మొదట వేసింది వెయ్యి ప్రతులు. కంపెనీ గడప తొక్కకుండా రికార్డు వేసుకోవచ్చునని చాలా మందికి ధైర్యం ఇచ్చింది అదే.

అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అనే విశ్వవిద్యాలయం ఊరు ఉంది. అక్కడ 1980 ఏప్రిల్ 5న, ప్రార్థనలు ఆగిపోయిన ఒక పాత చర్చిలో, ఒక స్నేహితురాలి పుట్టినరోజు విందులో పాడి మొదలయింది ఆర్.ఇ.ఎమ్. బృందం. వాళ్ళ పాటలను మొదట మోసింది పెద్ద రేడియోలు కావు, విద్యార్థులు నడిపే కళాశాల రేడియోలు.

మన దేశంలో కలకత్తాలో 1975లోనే మొహినేర్ ఘోడాగులి అనే బృందం బెంగాలీలో సొంత పాటలు పాడింది. అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1981లో విడిపోయారు. తిరిగి 1990లలో కొత్త తరం వాళ్ళను వెతికి పట్టుకుని నెత్తిన పెట్టుకుంది. ఢిల్లీలో 1990లో ఇండియన్ ఓషన్ బయలుదేరింది. మన పొరుగున మైసూరు వాడైన రఘు దీక్షిత్ సంత శిశునాళ షరీఫు తత్వాలకు గిటార్ కట్టి పాడి, 2008లో మొదటి ఆల్బం తెచ్చాడు. షరీఫు తత్వాలంటే మనకు బ్రహ్మంగారి తత్వాల వంటివి. ఆ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పని ఉంది.

ఈ కథలన్నిటిలో ఒక్కటే సామాన్యాంశం. వినడానికి వచ్చినవాడే రేపు పాడేవాడయినాడు. పాడేవాడికీ వినేవాడికీ మధ్య గోడ అంత పలచగా ఉంటుంది.

మొదటి కచేరీ

కర్నూలు భౌగోళికంగా ఒక విచిత్రమైన చోట ఉంది. ఒకే జాతీయ రహదారి మీద ఇటు హైదరాబాదు, అటు బెంగుళూరు. రెండూ రాక్ సంగీతం బాగా వినే నగరాలు. మధ్యలో మనం. రాత్రి బస్సు ఎక్కితే తెల్లారేసరికి ఏదో ఒక వైపు తేలుతాము. మన పిల్లలు ఉద్యోగాల కోసం ఎక్కే బస్సే అది. నేనూ 2008లో ఉద్యోగం ఇంటర్వ్యూ కోసమే ఎక్కాను. ఇంటర్వ్యూ సంగతి అడగవద్దు. ఆ సాయంత్రం అక్కడ పని చేస్తున్న మా పెద్దనాయన కొడుకు నా మొగం చూసి, "రా ప్పా, పాట ఇందాం" అని ఒక మేడ మీదికి తీసుకుపోయినాడు. టికెట్టు రెండు వందలు. నాకు గుండె గుభేలుమంది.

లోపలికి పోగానే నేను చేసిన మొదటి పని కుర్చీ కోసం వెదకడం.

"అన్నా, కుర్చీలు యాడుండాయి?"

"కుర్చీల్లేవు ప్పా. నిలబడాల్సిందే."

"రెండు నూర్లు తీసుకొని నిలబెడతారా?"

"పాట మొదులైనాక నువ్వే కూర్చోవు, సూడు."

అరవై మంది ఉంటారేమో. వేదిక నా మోకాలెత్తు. గాయకుడి చొక్కాకు పట్టిన చెమట కనిపించేంత దగ్గర. నలుగురే: గిటారు వాయిస్తూ పాడేవాడు, ఇంకో గిటారు, లావు తీగల బేస్ గిటారు, వెనక డ్రమ్సు. పాటలు కన్నడంలో. నాకు సగం అర్థమయింది, సగం కాలేదు. మూడో పాట మధ్యలో పాడేవాడి గిటారు తీగ టప్పున తెగింది. మన ఆర్కెస్ట్రాలో అయితే పాట ఆపి, "సాంకేతిక లోపం, సహకరించండి" అని చెప్పి, మైకు టెస్టింగ్ మొదలుపెడతారు. ఇక్కడ డ్రమ్ము ఆగలేదు. బేస్ ఆగలేదు. ముందు వరుసలో ఎవరో చప్పట్లు అందుకున్నారు, క్షణంలో అరవై మందీ అందుకున్నారు. గాయకుడు వంగి కొత్త తీగ బిగించుకునేంత సేపు పాటను నిలబెట్టింది వినేవాళ్ళు. అతను తల ఎత్తి నవ్వి, వదిలిన చోటనే మళ్ళీ అందుకున్నాడు. నా అరచేతులు ఎర్రగా కందిపోయినాయి. నేను కూడా చప్పట్లు కొడుతున్నానని అప్పుడు గాని తెలియలేదు.

కచేరీ అయిపోయింది. ఇందాకటి 'స్టార్' తానే నేల మీద కూర్చుని వైర్లు చుట్టుకుంటున్నాడు. పక్కన బల్ల మీద వాళ్ళ సీడీలు, ఒక్కోటి నూరు రూపాయలు. ఆ డబ్బుతోనే ఆ రాత్రి వ్యాను బాడుగ. మాటల్లో బళ్ళారి వాడని తెలిసింది, తెలుగు వచ్చు. నన్ను అడిగాడు: "ఏ పాట కాడ బోరు కొట్టింది, చెప్పండి." నేను నీళ్ళు నమిలాను. పాడినవాడు ఆ మాట నన్ను అడగడం నా జీవితంలో అదే మొదటిసారి. మొహమాటపడుతూ "అయిదో పాట కొంచెం సాగింది" అన్నాను. అతను తలూపి, చేతి మీద పెన్నుతో 5 అని రాసుకున్నాడు.

తరువాత చాలా కచేరీలు చూశాను. హైదరాబాదులో ఒక వానరాత్రి పన్నెండు మందే వచ్చారు. బృందం మాత్రం పన్నెండు వందల మంది ఉన్నట్టే మొత్తం పాటలు పాడింది. 2011 అక్టోబరు 30న బెంగుళూరు ప్యాలెస్ మైదానంలో మెటాలికా వచ్చినప్పుడు వేలాది జనంలో వెనకెక్కడో నిలబడ్డాను. అదీ గొప్ప అనుభవమే, కాదనను. కాని ఆ మహాసముద్రంలో నేను లేకపోయినా పాట మారదు. అరవై మంది ఉన్న మేడ మీద నేను లేకపోతే మారుతుంది.

ఇది కవిత్వం కాదు, భౌతికశాస్త్రం

చివరి వాక్యం అతిశయోక్తి అనుకునేవారి కోసం మూడు చిన్న పాఠాలు చెబుతాను.

ఒకటి. కచేరీకి ముందు ఖాళీ హాల్లో వాద్యాలను సరి చూసుకుంటారు. దాన్ని సౌండ్ చెక్ అంటారు. మన ఊళ్ళో డప్పు వాయించే ముందు మంట వేసి చర్మం కాచుకుంటారు గదా, ఆ పని వంటిదే. కాని ఖాళీ హాల్లో సరిచేసిన ధ్వని జనం నిండాక అలాగే ఉండదు. మనుషుల ఒళ్ళు, వాళ్ళ బట్టలు ధ్వనిని పీల్చుకుంటాయి, ముఖ్యంగా సన్నని, హెచ్చు స్థాయి స్వరాలను. ఖాళీ హాలు గోడకు కొట్టుకుని తిరిగి వచ్చే ప్రతిధ్వని కూడా జనం వల్ల తగ్గుతుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. 25 మీటర్ల పొడవున్న హాల్లో వేదిక మీంచి బయలుదేరిన శబ్దం వెనక గోడను తాకి తిరిగి రావడానికి సెకనులో ఏడో వంతు పడుతుంది. ఖాళీ హాల్లో మాట మీద మాట పడి ముద్దయ్యేది అందుకే. హాలు నిండితే మాట విడివిడిగా వినిపిస్తుంది. అంటే శ్రోత ఊరికే నిలబడ్డా సరే, అతని శరీరం పాటను దిద్దుతూనే ఉంటుంది.

రెండు. బేస్ గిటారు అడుగు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ తరంగం పొడవు 8 మీటర్ల పైమాటే. మన తరగతి గది వెడల్పు కంటే పెద్దది కావచ్చు. అంత పెద్ద అల స్తంభాలకు, మనుషులకు అడ్డం తిరగదు. చుట్టి దాటిపోతుంది. అందుకే అది చెవి కంటే ముందు రొమ్ములో తెలుస్తుంది. తిరునాళ్ళలో పెద్ద డప్పుల దగ్గర నిలబడ్డవాడికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. ఫోనులోని చిన్న స్పీకరు ఈ స్వరాన్ని సరిగా పలికించలేదు. రికార్డు వినడానికీ ఎదుట నిలబడి వినడానికీ తేడా భక్తి వల్ల వచ్చింది కాదు, తరంగం పొడవు వల్ల వచ్చింది.

మూడు. మైకు కూత. మన సభల్లో ముఖ్య అతిథి లేచి "సభకు నమస్కారం" అనగానే కుయ్యిమని చెవులు చిల్లులు పడే కూత ఒకటి వస్తుంది. స్పీకరులోంచి వచ్చిన శబ్దమే మళ్ళీ మైకులో దూరి, పెద్దదయి మళ్ళీ స్పీకరులోంచి వచ్చి, మళ్ళీ మైకులో దూరడం దానికి కారణం. స్పీకరు బాక్సులను మైకు కంటే ముందుకు, జనం వైపు తిప్పి పెట్టి, ధ్వని కాస్త తగ్గిస్తే చాలు, పోతుంది. మైకుసెట్టు అబ్బాయిని తిట్టనక్కరలేదు.

ఒక హెచ్చరిక కూడా. 85 డెసిబెల్ల శబ్దాన్ని ఎనిమిది గంటలు భరించవచ్చునని శాస్త్రజ్ఞుల లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్లకూ ఆ వ్యవధి సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్ల దగ్గర పదిహేను నిమిషాలే. రాక్ కచేరీలు ఆ స్థాయిని సులభంగా అందుకుంటాయి, మన డీజే ఊరేగింపులు కూడా. దూది పెట్టుకుంటే సరిపోదు. చెవి ప్లగ్గులు తక్కువ ధరకే దొరుకుతాయి. నేను మొదటి నాలుగేళ్ళు పెట్టుకోలేదు. ఎడమ చెవిలో ఇప్పటికీ ఒక కీచురాయి కాపురం ఉంది.

మన దగ్గర లేనిదా?

"ఇదంతా దొరల పాట, మనకెందుకు" అని అడిగే పెద్దలున్నారు. నేను పుట్టిన ఊళ్ళో శ్రీరామనవమికి చెక్కభజన జరిగేది. చేతుల్లో చెక్కలు, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, ఇరవై మంది వలయంగా తిరుగుతూ, గురువు ఎత్తుకున్న పాటను అందుకుంటారు. చుట్టూ నిలబడినవాళ్ళు ఊరికే చూడరు. అడుగు తప్పితే అరుస్తారు, కుదిరితే ఈల వేస్తారు. చూస్తూ చూస్తూ ఎవరో ఒక పిల్లవాడు వచ్చే ఏడాది వలయంలోకి దూకుతాడు. మాంచెస్టరు నలభై మంది కథకూ దీనికీ తేడా ఏమిటో నాకు కనబడలేదు.

కడప పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీ విన్నవారికి తెలుసు. గాయకుడు ఒకే చరణాన్ని ఎన్నిసార్లు తిప్పాలన్నది వినేవాళ్ళ తలల ఊపే నిర్ణయిస్తుంది. బ్రహ్మంగారి మఠం దగ్గర తంబురా పట్టి తత్వాలు పాడేవాళ్ళు వేదిక ఎరుగరు. కింద కూర్చున్నవాళ్ళలో ఒకరయి పాడతారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో తోలుబొమ్మలాట కుటుంబం ఒకటి తెర వెనక నుంచి తామే ముందుకు వచ్చి కీచకవధ ఆడితే, ఆ ఊరి పేరే ఒక నాటక సమాజం పేరయింది. తాళ్ళపాక అన్నమయ్య తన పాటలు తానే కట్టి తానే పాడినవాడు. ఆ రోజుల్లో ఆయనకు ఏ రికార్డు కంపెనీ ఉంది గనక? రాగి రేకులున్నాయి. రేకుల మీదికి ఎక్కిన పాటలు ఆలయంలో మూతపడి కొన్ని శతాబ్దాలు ఉన్నా మళ్ళీ బయటపడ్డాయి. రేకు ఎక్కని పాటల గతి ఏమయిందో ఎవరికీ తెలియదు.

కాబట్టి సొంత పాట, దగ్గరి శ్రోత, చిన్న గుంపు అన్నవి మన సీమకు కొత్తవి కావు. కొత్తగా వచ్చింది ఒక అలవాటు: పాట అంటే సినిమా పాటేనని, మిగతాది 'జానపదం' అనే పెట్టెలో పెట్టి ఏడాదికి ఒకసారి తీయాల్సినదని అనుకోవడం. సినిమా పాట మీద నాకు కోపం లేదు. దాన్ని వింటూనే పెరిగాను. ఆకాశవాణి లలిత గీతాలు ఒక కాలంలో సినిమాకు బయట కూడా తెలుగు పాట ఉందని ఇంటింటికీ చెప్పాయి. ఈ మధ్య హైదరాబాదు నుంచి చౌరస్తా బృందం తెలుగులో సొంత పాటలతో కచేరీలు చేసి కుర్రకారును నిలబెట్టింది. 2020 కరోనా రోజుల్లో వాళ్ళు కట్టిన పాట ఊరూరా వినబడింది. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల తరువాత సినిమాల్లోకి వెళ్ళి పేరు తెచ్చుకున్నాడు. సంతోషమే. కాని బయట పాడుతున్నవాళ్ళు ఉంటేనే లోపలికి వెళ్ళేవాళ్ళూ ఉంటారు. ఆ బయట మన కర్నూల్లో ఎక్కడుంది, కడపలో ఎక్కడుంది అన్నదే నా ప్రశ్న.

ఒక తప్పు

ఇప్పుడు అసలు సంగతి.

నేను డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నా గది మిత్రుడు ముద్దనూరు వైపు వాడు. పేరు చెప్పను. రాత్రిళ్ళు తలుపు వేసుకుని, రేకు పెట్టె మీద వేళ్ళతో దరువు వేస్తూ పాటలు కట్టేవాడు. అన్నీ వాళ్ళ ఊరి మాటల్లోనే. వాటిలో ఒకటి బోరు మీద. వాళ్ళ నాయన మూడు బోర్లు వేయించి, మూడింటా దుమ్మే లేస్తే, నాలుగో దానికి చెవుల కమ్మలు తాకట్టు పెట్టనిచ్చిన వాళ్ళమ్మ మీద కట్టిన పాట. గదిలో నేను ఒక్కణ్ణే శ్రోతను. బాగుందని చెప్పేవాణ్ణి. ఆ మాట అబద్ధం కాదు.

కళాశాల వార్షికోత్సవంలో పేరు ఇచ్చినాడు. లలిత సంగీతం పోటీకి. వాడు వేదిక ఎక్కి ఆ బోరు పాట ఎత్తుకున్నాడు. 'యాడ', 'నీల్లు', 'సూడు' అన్న మాటలు మైకులో పెద్దగా వినబడేసరికి వెనక వరుసల్లో నవ్వు మొదలయింది. ఎవరో "సినిమా పాట పాడ్రా" అని అరిచినారు. ఈలలు. వాడు రెండో చరణం దాకా వచ్చినాడు. అక్కడ ఆగి, మా వరుస వైపు చూసినాడు. అప్పుడు నేనేం చేస్తున్నానో చెప్పడానికే ఈ వ్యాసం రాసినాను. నేను కూడా నవ్వుతున్నాను. పక్కవాళ్ళతో పాటు ఒక ఈల కూడా వేసినాను. మా ఊళ్ళో కూడా 'యాడ' అనే అంటారు. అయినా నవ్వినాను.

వాడు దిగిపోయినాడు. గదికి వచ్చినాక ఏమీ అనలేదు. ఆ తరువాత రేకు పెట్టె మీద దరువు వినబడలేదు.

బెంగుళూరు మేడ మీద, బళ్ళారి అబ్బాయి తన ఊరి కన్నడంలో పాడుతూ తీగ తెగినప్పుడు, అరవై మంది చప్పట్లతో ఆ పాటను మోసినప్పుడు, నాకు మా వాడే గుర్తుకు వచ్చినాడు. రెండు చోట్లా పాడేవాడు ఆగినాడు. ఒక చోట వినేవాళ్ళు పాటను ఎత్తి పట్టినారు. ఇంకో చోట కింద వేసినారు. రెండు చోట్లా నేనున్నాను.

కొన్నేళ్ళ కిందట ఫోను నంబరు సంపాదించి మాట్లాడినాను. క్షమించమని అడగడానికి నోరు రాక, "ఆ బోరు పాట రాసి పంపు ప్పా, మా పిల్లోల్లకు ఇనిపిస్తా" అన్నాను. వాడు కాసేపు ఆగి అన్నాడు: "పల్లవి గ్నాపకముండాది. చరణాలు పోయినాయి ప్పా. యాడన్నా రాసిపెట్టుకున్నెంటే బాగుండు."

అంతే. ఆ పాటకు రాగి రేకు లేదు.

ఏం చేయవచ్చు?

వ్యాసం చదివి నిట్టూర్చి పుట తిప్పితే లాభం లేదు గనుక, విద్యార్థి సంఘానికి నా సూచనలు కొన్ని. వీటిలో ఏదీ ఖర్చుతో కూడినది కాదు.

ఏడాదికి ఒక సాయంత్రం సొంత పాటకు కేటాయించండి. సినిమా పాటలకు మిగతా రోజులన్నీ ఉన్నాయి. ఆ సాయంత్రం పాడే ప్రతి పాటా పాడేవాడు కట్టినదో, వాడి ఊళ్ళో వాడి అవ్వ దగ్గర నేర్చుకున్నదో కావాలి. గిటారయినా, కంజిరయినా, రేకు పెట్టె అయినా సరే.

పెద్ద ఆడిటోరియం వద్దు. వెయ్యి మంది పట్టే చోట అరవై మంది ఉంటే పాడేవాడికి భయం, వినేవాడికి చలి. అరవై మంది పట్టే గదిలో అరవై మంది ఉంటే అది తిరునాళ్ళే. వెనక గోడకు జంపఖానాలు, దుప్పట్లు వేలాడదీయండి, ప్రతిధ్వని తగ్గుతుంది. స్పీకరు బాక్సులు ముందుకు పెట్టండి. ధ్వని మాట వినబడేంత ఉంటే చాలు.

బహుమతులు పెట్టకండి. మార్కులు వేసేవాడు ఎదురుగా కూర్చుంటే పాట పరీక్ష అవుతుంది. పది రూపాయలు టికెట్టు పెట్టి, వచ్చినదంతా పాడినవాళ్ళకు పంచండి. పది రూపాయలే అయినా, తన పాటకు ఒకడు డబ్బు ఇచ్చాడన్న సంగతి ఏ కప్పు కంటే కూడా ఎక్కువ రోజులు గుర్తుంటుంది.

పాడిన ప్రతి పాటనూ ఆ రాత్రే కాగితం మీద రాయించి, సంతకం చేయించి, మన గ్రంథాలయంలో ఒక ఫైలులో పెట్టండి. ఫోనులో రికార్డు చేసుకోండి, మంచిదే. కాని ఫోన్లు మారుతాయి, పోతాయి. కాగితం కూడా ఉండాలి.

ఇక చివరిది. నవ్వు వస్తే బయటికి పోయి నవ్వండి. పాట బాగా లేకపోతే, అయిపోయినాక పాడినవాడి దగ్గరికి పోయి ఫలానా చోట సాగింది అని చెప్పండి, వాడు చేతి మీద రాసుకుంటాడు. మధ్యలో తీగ తెగినా, గొంతు ఆగినా, చరణం మరిచిపోయినా, మీరు చప్పట్లు అందుకోండి.

ఆ సాయంత్రం జరిగే తేదీ నాకు ముందుగా తెలియజేస్తే ముద్దనూరు వైపు ఒక ఫోను చేస్తాను. వాడు పాడతాడని హామీ ఇవ్వలేను. వస్తాడని కూడా చెప్పలేను. వస్తే మాత్రం వాడికి కుర్చీ వేయనక్కరలేదు. నా పక్కన నిలబడి వింటాడు.